ముప్పై నాలుగో అట్టబొమ్మ

అనుమానం పెనుభూతం అంటారు. ఆ మాట అన్నవాళ్లు బడి ఆఫీసులో ఒక్క రోజు కూడా పనిచేసి ఉండరు. నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్ల మొదట పొట్ట ఎటువైపు పట్టుకుంది, "సరే, ఇంటికి పంపిస్తాలే" అనగానే చెయ్యి ఎటు జరిగింది, అన్నీ కనిపెడతాను. తాతయ్య పోయాడని సెలవు చీటీ వస్తే పాత చీటీల కట్ట విప్పుతాను. ఒక కుర్రాడికి ఒకే తాతయ్య ఒకే ఏడాదిలో మూడుసార్లు పోయాడు. మూడోసారి ఆ తాతయ్యే స్వయంగా గేటు దగ్గరికి వచ్చి మనవణ్ణి తీసుకెళ్లాడు.

పిల్లలు నాకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా ఆఫీసు టీచర్ అంటారు, వెనక భూతద్దం. నాకు కోపం లేదు. ఐదో తరగతి వాళ్లు "మా తోటలో మేమే పండించిన గుమ్మడికాయ" అని చీటీ రాసి ప్రదర్శనకి పెడితే, ఆ కాయని బోర్లించి అడుగున కొట్టువాడి అంటింపు కాగితం చూసింది ఎవరు? నేనే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ వేళ ఆ తరగతి మొత్తం తలలు దించుకుంది. వాళ్ల టీచర్‌తో సహా.

నాకు బడిలో సవాలక్ష పనులు. వాటిలో రెండు మాత్రం ఇక్కడ చెప్పాలి. ఒకటి, నెలకోసారి "ఈ నెల మన బడి" అని ఒక కాగితం టైపు చేసి ఇళ్లకి పంపడం. ఎవరికి ఏ బహుమతి వచ్చింది, ఏ తరగతి ఏం సాధించింది, అన్నీ అందులో ఉంటాయి. రెండోది ఫోన్. ఉదయం తొమ్మిదిన్నరకి తరగతుల నుంచి హాజరు పట్టీలు నా బల్ల మీదికి వస్తాయి. ఎవరి పేరు ఎదురుగా సున్నా ఉంటే వాళ్లింటికి పదింటిలోగా ఫోన్ చెయ్యాలి. "మీ పాప ఇవాళ బడికి రాలేదండీ, ఇంట్లోనే ఉందా?" అంతే. బడిలో ఉందిలే అని ఇల్లూ, ఇంట్లో ఉందిలే అని బడీ అనుకుంటూ కూర్చుంటే మధ్యలో పిల్ల ఏమైందో ఎవరికీ తెలియకుండా పోతుంది. అలా పోకూడదనే ఈ పద్ధతి. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఈ పని మర్చిపోలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ నెల మా బడికి బాగా కలిసొచ్చింది. అన్నీ విజయాలే. పరుగు పందెంలో మన జట్టుకి రెండో స్థానం అన్నారు. ఎన్ని జట్లు పరిగెత్తాయని అడిగాను. మూడట. అందులో ఒకటి సగంలో పడిపోయిందట. నాలుగో తరగతి పిల్ల గీసిన కుళాయి బొమ్మని నీళ్ల ఆఫీసు గోడకి తగిలించారన్నారు. వాళ్ల మావయ్య ఆ ఆఫీసులోనే పనిచేస్తాడని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇవన్నీ టైపు చేశాను, కాదనలేదు. కానీ మూడో తరగతి విషయం మాత్రం నా వేళ్లకి అడ్డం పడింది.

మూడో తరగతికి ఆ ఏడే ఒక కొత్త టీచర్ వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. నవ్వే మనిషిని నేను తొందరగా నమ్మను. ఆ అమ్మాయి వస్తూనే పేర్లు పిలిచి హాజరు వేసే పద్ధతి తీసేసింది. తలుపు పక్కన ఒక పలక బిగించింది. పలక మీద రెండు వరసల మేకులు. పైవరస మీద "ఇల్లు" అని రాసింది, కిందివరస మీద "బడి" అని. పిల్లలు ఒక్కొక్కరూ అట్టముక్క మీద తమ బొమ్మ తామే గీసుకున్నారు. పొద్దున రాగానే ఎవరి అట్టబొమ్మ వాళ్లు ఇంటి నుంచి తీసి బడికి తగిలించాలి. తొమ్మిదిన్నరకి టీచర్ పలక చూసి పట్టీ నింపుతుంది. ఇంటి వరసలో బొమ్మ మిగిలితే సున్నా, లేకపోతే లేదు.

"పిల్లలు చెయ్యి ఎత్తకుండా, పలక్కుండా హాజరేమిటమ్మా?" అని అడిగాను.

"నమ్మితే వాళ్లే బాధ్యతగా చేస్తారక్కా. పిల్లల్ని నమ్మడమే కదా మన పని," అంది.

పక్కనే ఉన్న పెద్ద మేడం, అంటే మా ప్రధానోపాధ్యాయురాలు, ఆ మాటకి తలూపి మురిసిపోయింది. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను చూసి ఆవిడ అలా మురిసిన గుర్తు లేదు. ఒళ్లు మండింది. దాచుకోవడం దేనికి, అసూయే.

మా బడిలో హాజరు జెండా అని ఒకటి ఉంది. పసుపుపచ్చ గుడ్డ. వారమంతా ఒక్క సున్నా కూడా లేని తరగతి గుమ్మం మీద సోమవారం నాడు కడతారు. నెల పొడుగునా ఉంటే ఆ తరగతిని వార్షికోత్సవంలో వేదిక మీదికి పిలుస్తారు. ఇదివరకు ఏ తరగతీ నెల నిలబెట్టుకోలేదు. జలుబులు, జ్వరాలు, పెళ్లిళ్లు, ఏదో ఒకటి వస్తుంది. మూడో తరగతి గుమ్మం మీద మాత్రం ఆ జెండా మూడు వారాలుగా దిగలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు పెద్ద మేడం కూడా "మూడో తరగతి రికార్డు అని ముందే టైపు చేసి ఉంచండి" అంది.

ఆ నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం, మా బడి వంటావిడ నా కిటికీ దగ్గరికి వచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మూడో తరగతికి ముప్పై నాలుగు పళ్లాలని చీటీ పంపుతున్నారు కదమ్మా. సోమవారం నుంచీ రోజూ ఒకటి మిగులుతోంది. ఎవరికైనా ఒంట్లో బాగోక తినడం లేదేమో కనుక్కుంటారా?"

చూశారా, ఆవిడ అడిగింది ఎవరి ఒంట్లో బాగోలేదని. నాకు వినపడింది మాత్రం ఒక్కటే. ముప్పై నాలుగు కాదు, ముప్పై మూడు. పళ్లెం అబద్ధం ఆడదు. నా గుండె ఎగిరి గంతేసింది. దొరికావమ్మా నవ్వులమ్మా అనుకున్నాను.

"నేను చూసుకుంటాలే, నువ్వెవరితో అనకు," అన్నాను.

ఆ రెండు వారాలూ వార్షికోత్సవం కోసం బడి బడిలా లేదు. పాఠాలు మూలపడ్డాయి. ప్రతి తరగతినీ నాలుగు గుంపులు చేశారు. పాటల వాళ్లు హాల్లో, తోట వాళ్లు వెనకవైపు, పరుగుల వాళ్లు మైదానంలో, బొమ్మల వాళ్లు పైగదిలో. ఒక్కో గుంపుకి ఒక్కో టీచర్. కొత్త టీచర్ బడి మొత్తానికీ పాటలు నేర్పుతోంది. గొంతు పోయి బొంగురుగా తిరుగుతోంది. తన తరగతి పిల్లలు ఒకచోట కనిపించేది పొద్దున అట్టబొమ్మలు తగిలించే పది నిమిషాలే. అదీ సంతలాగా ఉంటుంది.

గురువారం పదకొండింటికి చేతిలో ఫైలు పట్టుకుని బయల్దేరాను. ఫైలు పట్టుకున్న మనిషిని ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగరు. హాల్లో మూడో తరగతి పిల్లలు పది మంది. తోటలో ఎనిమిది. పైగదిలో ఆరుగురు. మైదానంలో లెక్కపెట్టడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. వెధవలు ఒక్క క్షణం నిలబడరు. అక్కడే ఉన్న నీళ్ల తొట్టి దగ్గర కాపు కాసి, ఒక్కొక్కరూ దప్పికకి వచ్చినప్పుడు లెక్కపెట్టాను. తొమ్మిది. మొత్తం ముప్పై మూడు. వెనక్కి వచ్చి మూడో తరగతి పలక చూశాను. బడి వరసలో ముప్పై నాలుగు బొమ్మలూ పళ్లికిలిస్తూ వేలాడుతున్నాయి. ఇంటి వరస ఖాళీ.

ఒక చిన్న నోటుపుస్తకం తీసి తారీఖు వేసి రాసుకున్నాను. పలక ముప్పై నాలుగు, మనుషులు ముప్పై మూడు, పళ్లాలు ముప్పై మూడు.

అప్పుడే వెళ్లి ఆ అమ్మాయిని అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఒక్క రోజు లెక్కతో అడిగితే "ఎక్కడో నీళ్లు తాగుతోందేమో అక్కా" అని నవ్వి తప్పించుకుంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది. తాగనీ. గిన్నె అడుగంటాక పట్టుకుందాం. జెండా పోకుండా తనే ఆ బొమ్మని కిందికి దించుతోందని నాకు రూఢి అయిపోయింది. ఆమె పలక దగ్గర నిలబడితే నేను వరండాలో స్తంభం పక్కన నిలబడేదాన్ని. ఆమె చెయ్యి ఎత్తితే నా మెడ సాగేది. జుట్టు సరిచేసుకోవడానికే ఎత్తేది. "ఏంటక్కా ఇక్కడున్నారు?" అని ఒకసారి పలకరించింది. "ఊరికే, గాలికి," అన్నాను. గాలీ లేదు గీలీ లేదు.

శుక్రవారం ముప్పై మూడు. సోమవారం ముప్పై మూడు. పొద్దున్నే మూడో తరగతి గుమ్మానికి మళ్లీ జెండా కట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, పళ్లు నూరుకుంటూ.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. బస్సు డిపోలో మెకానిక్ ఆయన. చేతి గోళ్ల కింద నల్లటి గ్రీజు ఎంత కడిగినా పోదు. గోళ్లు తోముకుంటూనే నా కథంతా విన్నారు.

"ఎవరా పిల్ల?" అన్నారు.

"ఏ పిల్ల?"

"అదే, ఆ రాని పిల్ల."

"ఎవరైతే ఏమండీ? ముప్పై మూడే ఉన్నారు, పట్టీలో ముప్పై నాలుగు వేస్తోంది. అదీ సంగతి."

ఆయన బ్రష్షు పక్కన పెట్టి నా వైపు చూశారు. "బండికి ఒక నట్టు తగ్గితే ముందు ఏ నట్టో చూస్తామే. బిగించనివాణ్ణి తిట్టడం తర్వాత."

"మీకు బస్సులు తప్ప ఇంకేం తెలుసు?" అన్నాను. నిజానికి ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పట్టీలో సున్నా ఉంటేనే ఫోన్ చెయ్యాలని రూలు. సున్నా లేదు. రూలు నా పక్షానే ఉంది. ఆ జవాబుతో హాయిగా నిద్రపోయాను కూడా.

మంగళవారం మళ్లీ ముప్పై మూడు. బుధవారం లెక్క అయ్యేసరికి పెద్ద మేడం కబురు పంపింది. నెల కాగితం మర్నాటికి ఇళ్లకి వెళ్లాలి, మూడో తరగతి సంగతి టైపు అయిందా అని. నా నోటుపుస్తకం తీసుకుని వెళ్లాను. అదృష్టం చూడండి, కొత్త టీచర్ కూడా అక్కడే ఉంది. మైకు గురించి మాట్లాడుతోంది.

"మేడం, మూడో తరగతి రికార్డు టైపు చెయ్యలేను," అన్నాను. "అబద్ధం మీద నా వేళ్లు ఆడవు."

నోటుపుస్తకం బల్ల మీద పరిచాను. తారీఖులు, గుంపులు, పళ్లాలు. ఒక్కొక్క గీతా వేలు పెట్టి చదివి వినిపించాను. ఐదు రోజుల లెక్క. పెద్ద మేడం కళ్లద్దాలు తీసేసింది. నేను కొత్త టీచర్ మొహం చూశాను. ఆ మొహం పాలిపోవడం చూడాలనే కదా ఐదు రోజులు స్తంభం పక్కన నిలబడ్డాను. పాలిపోయింది.

"ఎవరక్కా?" అంది.

"ఏంటి ఎవరు?"

"రానిది ఎవరు?"

నోటుపుస్తకం వైపు చూశాను. ఐదు రోజులు, ఐదు గీతలు. ఒక్కచోట కూడా పేరు లేదు.

ఆ అమ్మాయి నా జవాబు కోసం ఆగలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగుతూ నాలుగు గుంపుల్లోంచీ తన పిల్లల్ని లాక్కొచ్చి తరగతిలో కూర్చోబెట్టింది. నేను వగరుస్తూ వెనక చేరాను. బల్లల వెంట చూపు పరిగెత్తించి, రెండో వరస చివర ఆగింది.

"పిచ్చుక," అంది.

పిచ్చుక అంటే ఆ తరగతిలో అందరికన్నా చిన్నగా ఉండే పిల్ల. రెండు జడలు, మాట పెగలదు. ఇదంతా కొత్త టీచర్ చెబితే విన్నాను. నాకు మొహం గుర్తు రాలేదు.

"తోటలో ఉందనుకున్నాను," అంది, ఎవరితో అంటోందో తనకే తెలియకుండా. తోట టీచరేమో పిచ్చుక పాటల్లోకి మారిందనుకుందట. తర్వాత తెలిసింది.

"పిచ్చుక బొమ్మ కిందికి దించింది ఎవర్రా?" అని అడిగింది. తిట్టలేదు. ఆ బొంగురు గొంతులో తిట్టడానికి బలం లేదు.

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. మొత్తం ఎనిమిది చేతులు. రోజుకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు. మొదటిరోజు ఆలస్యంగా వస్తుందనుకుని ఒకడు దించాడట. రెండోరోజు దించకపోతే జెండా పోతుందని ఇంకొకడు. మూడోరోజు దించిన పాప లేచి నిలబడి చెప్పింది.

"అందరి బొమ్మలూ బడికి వచ్చేశాయి టీచర్. తన బొమ్మ ఒక్కటే ఇంట్లో ఉండిపోయింది. పాపం అనిపించింది."

నేను స్తంభం పక్కన నిలబడి చూసింది టీచర్ చెయ్యినే. నా భుజం దాకా కూడా రాని ఆ పిల్లల చేతులు నా కంటికి ఆనలేదు.

చిరునామా నా రిజిస్టర్లోనే ఉంది. పది నిమిషాల నడక. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల వాటా. నేనూ కొత్త టీచరూ ఇనుప మెట్లు ఎక్కి తలుపు కొట్టాం. లోపల ఏదో బరువైనది జరుపుతున్న చప్పుడు. తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది, తర్వాత పిల్ల.

యూనిఫాం వేసుకుని ఉంది. బెల్టు, సాక్సు, బూట్లు, అన్నీ. బ్యాగు కూడా భుజాలకి తగిలించుకునే ఉంది. తలుపుకి అడ్డంగా పెట్టిన కుర్చీ మీద రోకలీ, బియ్యం డబ్బా బరువుకి పెట్టి ఉన్నాయి. మంచం మీద ఒక ముసలావిడ కూర్చుని గాజులు లెక్కపెట్టుకుంటోంది. నన్ను చూసి "వచ్చావా చెల్లీ, ఇంత ఆలస్యమా?" అంది. ఆవిడని ఈ జన్మలో నేను చూడలేదు.

"మా అమ్మమ్మ," అంది పిచ్చుక. "అందరినీ అలాగే అంటుంది. ఏమీ అనుకోకండి."

కొత్త టీచర్ నేల మీద కూలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు పిచ్చుక కొంచెం కొంచెంగా చెప్పింది. తండ్రి లారీ మీద వెళ్తే నెలకోసారి వస్తాడు. తల్లి ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని, పొద్దున ఆరింటికి వెళ్లి నాలుగింటికి వస్తుంది. అమ్మమ్మ మొన్నటిదాకా బాగానే ఉండేది. మొన్నటి ఆదివారానికి ముందు ఆదివారం, తల్లి కొట్టుకి వెళ్లినప్పుడు, అమ్మమ్మ చెప్పులు లేకుండా రోడ్డు మీదికి వెళ్లిపోయింది. పిచ్చుకే వెతికి, చెయ్యి పట్టుకుని తెచ్చింది. దారిలో తెలివి వచ్చి ఆ ముసలావిడ ఏడ్చింది. "మీ అమ్మకి చెప్పకు తల్లీ. చెబితే నా కోసం పని మానేస్తుంది. మీ నోటి దగ్గర కూడు పోతుంది," అని పిల్ల చేత తల మీద ఒట్టు వేయించుకుంది. సోమవారం తల్లి వెళ్లగానే పిల్ల బడికి తయారై గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మమ్మ మళ్లీ చెప్పులు లేకుండా లేచి నిలబడింది.

వంటగదిలోకి చూశాను. పొయ్యికి తిప్పే మీటలు లేవు. పెన్సిళ్ల డబ్బా తెరిచి చూపించింది పిచ్చుక. రెండు మీటలూ అందులో ఉన్నాయి, రబ్బరు ముక్క పక్కన. "మంట వెలిగించి మర్చిపోతుంది," అంది.

ఎనిమిదేళ్ల పిల్ల. ఎనిమిది రోజులు.

"మరి మాకైనా చెప్పొచ్చు కదమ్మా," అన్నాను.

పిచ్చుక నన్ను మొదటిసారి సూటిగా చూసింది. "ఒట్టు వేశాను కదా. అందుకని మీరు ఫోన్ చేస్తారని చూశాను."

"నేనా?"

"బడికి వెళ్లకపోతే ఆఫీసు టీచర్ పదింటికల్లా నాకు ఫోన్ చేసేస్తుంది, జాగ్రత్త అని అమ్మ ఎప్పుడూ అంటుంది. మీరు చెబితే నేను చెప్పినట్టు కాదు కదా? ఒట్టు పోదు. అందుకని అమ్మ ఇంటికి రాగానే రోజూ మొహం చూసేదాన్ని. కోప్పడుతుందేమో అని. కోప్పడలేదు." బ్యాగు పట్టీ సరిచేసుకుంటూ, "రేపు చేస్తారేమో అనుకునేదాన్ని," అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ముసలావిడ తన గాజులు పక్కన పెట్టి "ఊరుకో చెల్లీ" అని నా వీపు నిమిరింది.

అప్పుడు చేశాను ఫోన్. ఎనిమిదో రోజు, పన్నెండు దాటాక. తల్లి అరగంటలో వచ్చింది. మోకాళ్ల దాకా తడి, చేతుల నిండా సబ్బు వాసన. ముందు పిల్లని తడిమి చూసింది, తర్వాత ముసలావిడని. జరిగిందంతా కొత్త టీచర్ చెప్పింది. పలక గురించీ, అట్టబొమ్మల గురించీ, పిల్లలు వేసుకున్న వంతుల గురించీ. ఏదీ దాచలేదు.

"అంటే రానిపిల్లకి ఎనిమిది రోజులు హాజరు వేశారా టీచరమ్మా?" అంది తల్లి.

"వేశానండీ. తప్పు నాదే. తరగతిలో తలలు లెక్కపెట్టుకోవాల్సింది," అంది ఆ అమ్మాయి. తల దించుకుంది.

అక్కడితో అయిపోయేది. తల్లి కోపమంతా ఆ అమ్మాయి మీదే ఉంది. ఐదు నిమిషాలు గోడ చూస్తూ నిలబడితే చాలు, నన్ను అడిగేవాళ్లు లేరు. నా నోటుపుస్తకం సంగతి ఆ అమ్మాయి ఎత్తలేదు. ఎత్తుతుందేమో అని నేను అనుమానంగా ఎదురుచూశాను కూడా. ఎత్తలేదు. నవ్వే మనిషిని నమ్మనని అన్నాను చూడండి, ఆ మనిషి.

"తను లెక్కపెట్టలేదండీ," అన్నాను. "నేను లెక్కపెట్టాను. ఒకరు తగ్గారని నాకు పోయిన బుధవారం నుంచీ తెలుసు."

తల్లి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడకి నేను చెప్పింది సరిగ్గా అర్థం కాలేదు. ఒక మనిషి తెలిసి కూడా ఊరుకుంటుందని ఆవిడకి తట్టలేదు. ఇంకేదో కారణం ఉండి ఉంటుందని వెతుక్కుంటున్నట్టు నన్ను చూసింది. చివరికి ఒకటి దొరికింది కాబోలు, తప్పు తనవైపే ఉందేమో అన్నట్టు కొంచెం బెరుగ్గా అడిగింది.

"నా నంబరు మీ దగ్గర లేదా అండీ?"

"ఉందండీ," అన్నాను.